బ్లడ్ రిపోర్టులో ప్రోటీన్ తక్కువ, ప్రోటీన్ ఎక్కువ: తరచుగా అడిగే ప్రశ్నలు

లివర్ ఫంక్షన్ టెస్ట్ రిపోర్టు రాగానే అందరి కళ్లూ బిలిరుబిన్, ఎస్‌జీపీటీల మీదే పడతాయి. అవి బాగుంటే హమ్మయ్య అనుకుంటారు. ఈలోగా అడుగున ఉన్న నాలుగు లైన్లలో, అంటే టోటల్ ప్రోటీన్, అల్బుమిన్, గ్లోబ్యులిన్, ఏ/జీ రేషియో (అల్బుమిన్‌ను గ్లోబ్యులిన్‌తో భాగిస్తే వచ్చేది)ల్లో ఎక్కడో ఒకచోట అంకె రేంజ్ దాటిందని చెప్పే స్టార్ కనిపిస్తుంది, అక్కడి నుంచి టెన్షన్ మొదలు. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లను ఈ నాలుగు లైన్ల గురించి జనం అడిగేవి ఎప్పుడూ అవే సందేహాలు కాబట్టి వాటిని ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. విడిగా చెప్పకపోతే అంకెలన్నీ పెద్దవాళ్లవి, డెసిలీటరుకు గ్రాముల్లో ఇచ్చినవి. మీ ల్యాబ్ అచ్చువేసిన రేంజ్ కొద్దిగా వేరుగా ఉంటే దాన్నే ప్రమాణంగా తీసుకోండి.

## రక్తం ఇచ్చే ముందు

పరగడుపునే రావాలా?

ప్రోటీన్ల కోసమైతే అక్కర్లేదు. కానీ నూనె, నెయ్యి బాగా ఉన్న భోజనం చేసి వెంటనే వస్తే సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) పాలలా తెల్లబడుతుంది, కాంతి ఆధారంగా కొలిచే మెషీన్లు తడబడతాయి. మంచినీళ్లు మామూలుగా తాగి రండి. పరగడుపు అంటే నీళ్లు కూడా మానేయాలనుకుని ఎండలో ఆటో ఎక్కి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, అలా చేస్తే ప్రోటీన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

నిన్న ఒక ల్యాబ్‌లో 7.9, ఇవాళ ఇంకో ల్యాబ్‌లో 7.3 వచ్చింది. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ ఒప్పే కావచ్చు. పడుకుని ఉన్న మనిషి లేచి నిలబడి కాసేపు తిరిగితే రక్తనాళాల్లోని నీరు కొంత కణజాలంలోకి దిగుతుంది, పెద్ద అణువులైన ప్రోటీన్లు మాత్రం లోపలే ఉండిపోతాయి కాబట్టి చిక్కబడతాయి. ఈ ఒక్క కారణంతోనే టోటల్ ప్రోటీన్‌లో అర గ్రాము దాకా తేడా రావచ్చు. నరం దొరక్క చేతికి పట్టీ రెండు మూడు నిమిషాలు బిగించి ఉంచినా అంతే. సీరం బదులు ప్లాస్మా (గడ్డకట్టనివ్వకుండా వేరుచేసిన ద్రవం) మీద టెస్ట్ చేస్తే అందులో గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ కూడా కలుస్తుంది, 0.2 నుంచి 0.4 దాకా ఎక్కువ చూపిస్తుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే లోపలి హిమోగ్లోబిన్ కూడా ప్రోటీనే కదా, అదీ లెక్కలోకి వస్తుంది. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, ఒకేలా కూర్చుని ఇవ్వండి. అప్పుడే పోల్చడానికి అర్థం ఉంటుంది.

హాస్పిటల్‌లో సెలైన్ ఎక్కుతుండగా తీసిన రక్తంలో ప్రోటీన్ 4.1 ఉందన్నారు. నమ్మాలా?

సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే తీశారా అని ముందు అడగండి. అదే చేతి నుంచి తీస్తే రక్తంతో పాటు సెలైన్ కూడా వస్తుంది. అలాంటి శాంపిల్‌లో ప్రోటీన్ ఒక్కటే కాదు, కాల్షియం, హిమోగ్లోబిన్, యూరియా అన్నీ కట్టగట్టుకుని పడిపోతాయి, క్లోరైడ్ మాత్రం పెరుగుతుంది, గ్లూకోజ్ బాటిల్ అయితే షుగర్ ఊహించనంత ఎక్కువ వస్తుంది. రెండో చేతి నుంచి మళ్లీ తీయించమని అడగడానికి మొహమాటపడొద్దు.

## రిపోర్టు చేతికొచ్చాక

ఈ నాలుగింటిలో ముందు దేన్ని చూడాలి?

అల్బుమిన్‌ను. తర్వాత గ్లోబ్యులిన్‌ను. టోటల్ ప్రోటీన్‌ను చివర చూడండి, చూడకపోయినా పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం. ఎందుకంటే అది రెండింటి కూడిక, ఒకటి పడిపోయి ఇంకొకటి పెరిగితే మొత్తం మాత్రం చక్కగా నార్మల్ చూపిస్తుంది. ఒక రిపోర్టు తీసుకోండి: టోటల్ 7.2, అల్బుమిన్ 2.6, గ్లోబ్యులిన్ 4.6. పైనున్న 7.2 చూసి "ప్రోటీన్ బాగానే ఉంది" అనుకుంటే పొరపాటు, ఆ మనిషికి ముదిరిన లివర్ జబ్బు ఉండొచ్చు. మామూలుగా అల్బుమిన్ 3.5 నుంచి 5, గ్లోబ్యులిన్ 2 నుంచి 3.5, టోటల్ 6 నుంచి 8.3 మధ్య ఉంటాయి.

అల్బుమిన్ ఒకే ఒక్క ప్రోటీన్, లివర్‌లో మాత్రమే తయారవుతుంది, రోజుకు సుమారు 10 నుంచి 15 గ్రాములు. రక్తంలో నీటిని పట్టి ఉంచేది, కాల్షియం, మందులు, బిలిరుబిన్ లాంటివి మోసేది అదే. గ్లోబ్యులిన్ అలా ఒక్కటి కాదు, యాంటీబాడీలతో సహా వందల రకాలకు కలిపి పెట్టిన పేరు. కాబట్టి అల్బుమిన్ తగ్గిందా, గ్లోబ్యులిన్ పెరిగిందా, రెండూ తగ్గాయా అన్నదాన్ని బట్టి వెతకాల్సిన చోటు పూర్తిగా మారిపోతుంది.

గ్లోబ్యులిన్‌ను విడిగా కొలుస్తారా?

సాధారణంగా కొలవరు. టోటల్ ప్రోటీన్‌ను బైయూరెట్ పద్ధతిలో, అంటే క్షార ద్రావణంలో రాగి అయాన్లు ప్రోటీన్‌తో కలిసి ఇచ్చే ఊదా రంగుతో కొలుస్తారు. అల్బుమిన్‌ను దానికి అంటుకునే రంగుతో కొలుస్తారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలింది గ్లోబ్యులిన్. తీసివేత కాబట్టి రెండు కొలతల్లోని చిన్న తప్పులూ ఇందులోనే పోగవుతాయి. అల్బుమిన్ కోసం బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగు వాడే ల్యాబుల్లో ఇంకో చిక్కు ఉంది, అది వేరే ప్రోటీన్లకూ కొంచెం అంటుకుంటుంది, అందుకే అల్బుమిన్ బాగా తగ్గినవాళ్లలో అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. బ్రోమోక్రెసాల్ పర్పుల్‌తో ఈ బెడద తక్కువ. డయాలసిస్ పేషెంట్లు ల్యాబ్ మార్చినప్పుడు అల్బుమిన్ ఉన్నట్టుండి 0.5 తగ్గినట్టు కనిపిస్తే, జబ్బు ముదిరిందని అనుకోకముందే పద్ధతి మారిందేమో కనుక్కోవాలి.

ఏ/జీ రేషియో పక్కన మాత్రమే స్టార్ ఉంది, మిగతావన్నీ నార్మల్. భయపడాలా?

అల్బుమిన్, గ్లోబ్యులిన్ రెండూ తమ తమ రేంజుల్లోనే ఉండి రేషియో 1.1 అని వచ్చిందంటే చాలాసార్లు అది వట్టి లెక్కే. ఈమధ్య జ్వరమో ఇన్ఫెక్షనో వచ్చి తగ్గి ఉంటే కూడా అలా వస్తుంది. నెల రోజులాగి మళ్లీ చేయించుకుంటే చాలు. రేషియో 1 కంటే తగ్గి తలకిందులైతే మాత్రం, అంటే గ్లోబ్యులిన్ అల్బుమిన్‌ను మించిపోతే, కారణం వెతకకుండా వదలకూడదు. రేషియో 2.3, 2.5 వచ్చిందంటే గ్లోబ్యులిన్ మరీ తక్కువుందేమో చూడాలి, ఆ వైపు ఎవరూ చూడరు.

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో చేయించుకుంటే అల్బుమిన్ 41 అని వచ్చింది. ఇదేంటి?

అక్కడ, ఆస్ట్రేలియాలో కూడా, లీటరుకు గ్రాముల్లో ఇస్తారు. పదితో భాగించండి, 4.1. పూర్తిగా నార్మల్. అమెరికాలో మనలాగే డెసిలీటర్ లెక్క.

## తక్కువ వచ్చినప్పుడు

అల్బుమిన్ 2.9 అంటే సరిగా తినడం లేదనే కదా?

అన్నింటికంటే ఎక్కువసార్లు వినే మాట ఇదే, అన్నింటికంటే ఎక్కువ దారి తప్పించేదీ ఇదే. మన దగ్గర అల్బుమిన్ తగ్గిందంటే చాలు, ఇంట్లో రోజుకు నాలుగు గుడ్లు మొదలవుతాయి, అసలు కారణం మాత్రం అక్కడే ఉండిపోతుంది.

హాస్పిటల్లో ఉన్న మనిషికి అల్బుమిన్ తగ్గడానికి మొదటి కారణం చాలాసార్లు ఒంట్లోని ఇన్‌ఫ్లమేషన్, అంటే జబ్బుకో గాయానికో ఒళ్లు ఎదురుతిరిగే స్పందన. న్యుమోనియా, చీము గడ్డ, పెద్ద ఆపరేషన్, కాలిన గాయాలు, టీబీ, క్యాన్సర్ లాంటివి ఏమున్నా సన్నని రక్తనాళాల గోడలు వదులై అల్బుమిన్ బయటికి జారుతుంది, పైగా లివర్ తన శక్తినంతా సీఆర్‌పీ లాంటి వేరే ప్రోటీన్ల తయారీకి మళ్లించి అల్బుమిన్‌ను తగ్గించేస్తుంది. అందుకే అల్బుమిన్ తక్కువ, సీఆర్‌పీ ఎక్కువ ఉంటే ముందు ఇన్ఫెక్షన్ ఎక్కడుందో వెతుకుతారు. ఇంకోవైపు, తిండి దాదాపు మానేసి ఎముకల గూడులా మారిన అనొరెక్సియా (తిండి మానేసే మానసిక జబ్బు) పేషెంట్లలో కూడా అల్బుమిన్ తరచుగా నార్మల్‌గానే ఉంటుంది, ఒళ్లు తన కండరాలను కరిగించి దాన్ని నిలబెట్టుకుంటుంది.

తిండికీ అల్బుమిన్‌కూ సంబంధమే లేదని కాదు. పిల్లల్లో క్వాషియోర్కర్ అనే పోషకాహార లోపంలో కాళ్లు, మొహం ఉబ్బి అల్బుమిన్ బాగా పడిపోతుంది, మరాస్మస్‌లో పిల్లవాడు ఎండిపోయి చర్మం ముడతలు పడ్డా అల్బుమిన్ అంతగా తగ్గదు. ఒకే రకం పేదతిండి తిన్న పిల్లల్లో కొందరికి అదీ కొందరికి ఇదీ ఎందుకు వస్తుందన్న ప్రశ్న మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ చేసిన పని ప్రపంచమంతా చదివింది. పోషణ ఎలా ఉందో తెలియాలంటే బరువు ఎంత తగ్గింది, కండ ఎంత కరిగింది, నిజంగా ఎంత తింటున్నారు అన్నవి అల్బుమిన్ కంటే బాగా చెబుతాయి.

అయితే లివర్ పాడైందా?

కావచ్చు, కానీ ఒక్క అల్బుమిన్‌తో తేలదు. రక్తంలో ఉన్న అల్బుమిన్ సగానికి తగ్గడానికి సుమారు మూడు వారాలు పడుతుంది, అందువల్ల కొత్తగా కామెర్లు వచ్చినవాళ్లలో ఎస్‌జీపీటీ వేలల్లో ఉన్నా అల్బుమిన్ మొదట్లో బాగానే ఉంటుంది. కామెర్లతో పాటు అల్బుమిన్ 2.5 కనిపిస్తే జబ్బు ఇవాళ్టిది కాదని అనుమానించాలి. సిర్రోసిస్‌లో, అంటే లివర్ మచ్చలుకట్టి గట్టిపడ్డప్పుడు, అల్బుమిన్ తగ్గుతూ గ్లోబ్యులిన్ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పీటీ-ఐఎన్‌ఆర్ పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, పొట్టలో నీరు చేరుతుంది. జబ్బు తీవ్రతను లెక్కగట్టే చైల్డ్-ప్యూ స్కోర్‌లో కూడా అల్బుమిన్ 3.5 పైన, 2.8 నుంచి 3.5 మధ్య, 2.8 కింద అని మూడు మెట్లుంటాయి. ఫ్యాటీ లివర్ అని స్కాన్‌లో రాసినంత మాత్రాన అల్బుమిన్ తగ్గదు, తగ్గిందంటే ఫైబ్రోసిస్ (లివర్‌లో మచ్చలు కట్టడం) ఎంతవరకు వచ్చిందో చూపించుకోవాలి.

పొద్దున్నే కళ్ల కింద వాపు, సాయంత్రానికి కాళ్ల వాపు, మూత్రంలో నురగ. అల్బుమిన్ 2.1. ఏంటిది?

నెఫ్రోటిక్ సిండ్రోమ్ కావచ్చు. కిడ్నీలోని జల్లెడలాంటి పొరకు చిల్లులు పడితే అల్బుమిన్ మూత్రంలోకి పోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రోజుకు 150 మిల్లీగ్రాముల లోపే ప్రోటీన్ పోతుంది, ఇందులో పెద్దవాళ్లకు మూడున్నర గ్రాములు దాటుతుంది. లివర్ ఆ లోటు పూడ్చాలని పనిచేస్తూ కొలెస్ట్రాల్‌ను కూడా విపరీతంగా పెంచేస్తుంది, అందుకే ఈ జబ్బులో అల్బుమిన్ పడిపోయి కొలెస్ట్రాల్ 350, 400 దాటడం చూస్తాం. 24 గంటల మూత్రం పట్టలేకపోతే ఒక్కసారి ఇచ్చిన శాంపిల్‌లో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించినా సరిపోతుంది.

చిన్నపిల్లల్లో ఇది ఎక్కువగా స్టెరాయిడ్లకు చక్కగా లొంగే రకం, తల్లిదండ్రులు స్టెరాయిడ్ అనగానే భయపడి మధ్యలో ఆపేయడమే పెద్ద సమస్య. పెద్దవాళ్లలో ముందు షుగర్ జబ్బు ఉందేమో చూస్తారు, తర్వాత చాలామందికి కిడ్నీ బయాప్సీ అవసరం పడుతుంది. ఇంకో మాట: ఈ జబ్బులో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా ఆ రోజే హాస్పిటల్‌కు వెళ్లాలి.

యూరిన్‌లో ప్రోటీన్ రెండు ప్లస్‌లు, బ్లడ్‌లో ప్రోటీన్ నార్మల్. రెండింటిలో ఏది నిజం?

రెండూ నిజమే. రోజుకు ఒకటో రెండో గ్రాములు పోయినా లివర్ ఆ లోటు భర్తీ చేసేస్తుంది, అందుకే రక్తంలో తేడా కనిపించదు. జ్వరంలోనూ, బాగా ఎక్సర్‌సైజ్ చేశాక కూడా కొన్నాళ్లు ప్లస్‌లు వస్తాయి కాబట్టి ఒకసారి మళ్లీ పరీక్షించాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు మాత్రం రక్తంలో అల్బుమిన్ తగ్గేదాకా ఆగితే బాగా ఆలస్యమైపోయినట్టే, వాళ్లు ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూపించుకోవాలి.

మాది ఉద్దానం. అల్బుమిన్ 4.2 ఉంది, కిడ్నీలు బాగున్నట్టేనా?

అలా చెప్పలేం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బు ఎక్కువగా జల్లెడ భాగాన్ని కాక నాళికలనూ, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. మూత్రంలో ప్రోటీన్ పోవడం ఉండదు, ఉన్నా కొద్దిగానే. వాపులూ, నురగా కనిపించకపోవడంతో చాలా ముదిరేదాకా తెలియదు. క్రియాటినిన్, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడగడుతోందో చెప్పే అంకె) చేయించుకోండి. అల్బుమిన్ బాగుందని ఆ టెస్ట్ మానేయొద్దు.

లివర్ బాగుంది, మూత్రంలో ఏమీ పోవడం లేదు, అయినా అల్బుమిన్, గ్లోబ్యులిన్ రెండూ తక్కువే. ఇంకెక్కడికి పోతోంది?

పేగుల్లోంచి పోతుండొచ్చు. పేగు టీబీ, క్రోన్స్ జబ్బు, సీలియాక్, పేగుల్లోని లింఫ్ నాళాలు ఉబ్బిపోవడం, గుండె చుట్టూ పొర గట్టిపడటం, ఇలా దారులు చాలా. మూత్రంలో పోయేటప్పుడు చిన్న ప్రోటీన్లే ముందు పోతాయి, పేగుల్లో ఆ తేడా ఉండదు, చిన్నా పెద్దా అన్నీ పోతాయి, అందుకే రెండూ తగ్గుతాయి. మలంలో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ కొలిస్తే తెలుస్తుంది, ఆ ప్రోటీన్ పేగుల్లో అరగదు కాబట్టి అలాగే బయటికి వస్తుంది. విరేచనాలు లేకుండా కూడా ఇది జరగొచ్చు.

ఎనిమిదో నెల. అల్బుమిన్ 3.1 అని వచ్చింది.

గర్భంలో రక్తంలోని నీటి భాగం బాగా పెరుగుతుంది కాబట్టి అల్బుమిన్ పల్చబడుతుంది, చివరి నెలల్లో 3, 3.2 దగ్గర ఉండటం మామూలే. రిపోర్టులో స్టార్ పడేది గర్భం లేనివాళ్ల రేంజ్‌తో పోల్చడం వల్ల. బీపీ 140/90 దాటినా, మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, తలనొప్పి, కళ్లు మసకలు, పైకడుపు నొప్పి ఉన్నా మాత్రం వెంటనే డాక్టరమ్మకు చూపించుకోవాలి.

డెంగీలో అల్బుమిన్ ఎందుకు చూస్తారు?

జ్వరం తగ్గే సమయంలో కొందరికి ప్లాస్మా రక్తనాళాల నుంచి కారిపోతుంది. అప్పుడు హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంది, అల్బుమిన్ తగ్గుతుంది, పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. అందరూ ప్లేట్‌లెట్లనే లెక్కపెడుతుంటారు కానీ మనిషిని షాక్‌లోకి నెట్టేది ఎక్కువగా ఈ కారడమే.

అల్బుమిన్‌తో పాటు కాల్షియం కూడా తక్కువ వచ్చింది. మాత్రలు మింగాలా?

ఆగండి. రక్తంలో కాల్షియం సుమారు సగం ప్రోటీన్లకు, ముఖ్యంగా అల్బుమిన్‌కు అంటుకుని తిరుగుతుంది. అల్బుమిన్ తగ్గితే మొత్తం కాల్షియం తగ్గినట్టు కనిపిస్తుంది, పనిచేసే కాల్షియం మాత్రం బాగానే ఉండొచ్చు. పాత లెక్క ఒకటుంది: 4 లోంచి అల్బుమిన్ తీసేసి, వచ్చినదాన్ని 0.8తో గుణించి కాల్షియంకు కలపాలి. కాల్షియం 7.8, అల్బుమిన్ 2.5 అయితే సవరించిన విలువ 9.0, నార్మల్. ఐసీయూలో ఉన్నవాళ్లకు ఈ లెక్కను నమ్ముకోకుండా అయోనైజ్డ్ కాల్షియం, అంటే దేనికీ అంటుకోకుండా పనిచేసే కాల్షియం, నేరుగా కొలవడం మేలు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్లకూ ఇలాంటి చిక్కే ఉంది, అల్బుమిన్ తగ్గితే మందు స్థాయి రిపోర్టులో తక్కువ కనిపిస్తూనే ఒంట్లో ఎక్కువైపోవచ్చు.

గ్లోబ్యులిన్ 1.6. తక్కువుంటే మంచిదేగా?

కాదు. యాంటీబాడీలు తక్కువున్నాయేమో అని అడగాల్సిన అంకె అది. మాటిమాటికీ సైనస్, చెవి, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు వచ్చే పిల్లలకైనా పెద్దవాళ్లకైనా గ్లోబ్యులిన్ 2 కంటే తగ్గితే ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీ రకాలను కొలిపించాలి. యాంటీబాడీలు తయారుచేసే కణాల వంశాన్ని తగ్గించే రిటుక్సిమాబ్ మందు తీసుకున్నవాళ్లలో, కొన్ని రక్త క్యాన్సర్లలో కూడా తగ్గుతుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య వయసు పసిపాపల్లో మాత్రం తల్లి ఇచ్చిన యాంటీబాడీలు అయిపోతూ సొంతవి ఇంకా పుంజుకోకపోవడంతో సహజంగానే తక్కువుంటుంది.

## ఎక్కువ వచ్చినప్పుడు

అల్బుమిన్ 5.4 వచ్చింది. ఏ జబ్బు?

జబ్బు కాదు, ఒంట్లో నీరు తగ్గింది. లివర్ అల్బుమిన్‌ను అవసరానికి మించి తయారుచేసే జబ్బు పెద్దవాళ్లలో చూడం. వాంతులు, విరేచనాలు, ఎండ, నీళ్ల మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి), లేదా చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించడం కారణమవుతాయి.

జిమ్‌కు వెళ్తూ ప్రోటీన్ పౌడర్ తాగుతున్నా, అందుకే 8.6 వచ్చిందా?

తాగిన ప్రోటీన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, రక్తంలో ప్రోటీన్‌గా పోగుపడదు. యూరియా కొంచెం పెరగొచ్చు. మీ 8.6కు కారణం నీళ్లు సరిగా తాగకపోవడమో, గ్లోబ్యులిన్ పెరగడమో అయి ఉంటుంది. పౌడర్ మీదకు నెట్టేసి ఊరుకోకండి, అల్బుమిన్, గ్లోబ్యులిన్ విడివిడిగా చూడండి.

గ్లోబ్యులిన్ 5. గూగుల్‌లో క్యాన్సర్ అని చూపిస్తోంది. నిజమా?

ఎక్కువమందిలో కాదు. చాలాకాలంగా ఉన్న ఏ ఇన్ఫెక్షన్ అయినా, ఏ ఆటోఇమ్యూన్ జబ్బయినా యాంటీబాడీలను పెంచుతుంది: టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిర్రోసిస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్స్. వీటిలో రకరకాల యాంటీబాడీలు అన్నీ కలిసి పెరుగుతాయి. ఈ పెరుగుదల ఎంత ఉండేదంటే బిహార్, బెంగాల్ ప్రాంతాల్లో కాలా అజార్ జబ్బును ఒకప్పుడు దీంతోనే పట్టేవాళ్లు, సీరంలో ఫార్మలిన్ చుక్క వేస్తే తెల్లగా గడ్డకట్టేది, నేపియర్ ఆల్డిహైడ్ టెస్ట్ అనేవాళ్లు.

క్యాన్సర్ అనుమానం వచ్చేది ఒకే వంశానికి చెందిన ప్లాస్మా కణాలు (యాంటీబాడీలు తయారుచేసేవి ఇవే) అదే యాంటీబాడీని గుట్టలుగా తయారుచేసినప్పుడు. ఆ రెంటికీ తేడా గ్లోబ్యులిన్ అంకె చెప్పలేదు, కింద వివరించిన ఎలక్ట్రోఫోరెసిస్ టెస్ట్ చెబుతుంది.

నాన్నకు 66 ఏళ్లు, ఆర్నెల్లుగా నడుం నొప్పి, నీరసం, ఈఎస్‌ఆర్ 110, టోటల్ ప్రోటీన్ 9.8. వయసు వల్లే అంటున్నారు.

వయసు వల్ల ప్రోటీన్ 9.8 రాదు. ఈ నాలుగూ ఒకచోట కనిపిస్తే మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల క్యాన్సర్, కాదని తేలేదాకా వదలకూడదు. ఈ జబ్బులో చూడాల్సినవి నాలుగు: కాల్షియం పెరగడం, కిడ్నీ దెబ్బతినడం, రక్తహీనత, ఎముకలు గుల్లబారడం. నడుం నొప్పి అని నెలల తరబడి నొప్పి మాత్రలు మింగిస్తారు, అసలే ఆ ప్రోటీన్ల బరువుతో ఇబ్బంది పడుతున్న కిడ్నీని ఆ మాత్రలు ఇంకా పాడుచేస్తాయి. మొదట్లోనే పట్టుకుంటే ఎన్నో ఏళ్లు బాగా బతికించే మందులు ఇప్పుడున్నాయి కాబట్టి ఈ ఆలస్యం నిజంగా బాధాకరం. వెంటనే నొప్పి మాత్రలు ఆపించి, హెమటాలజిస్టుకు (రక్త జబ్బుల డాక్టర్‌కు) చూపించండి.

గ్లోబ్యులిన్ నార్మల్ ఉంది, మైలోమా లేనట్టేగా?

లేనట్టు కాదు. మైలోమా పేషెంట్లలో సుమారు 15 నుంచి 20 శాతం మందిలో పూర్తి యాంటీబాడీ తయారవదు, లైట్ చైన్ అనే చిన్న ముక్కలే తయారై కిడ్నీ దాటి మూత్రంలోకి పోతాయి. వీళ్లలో గ్లోబ్యులిన్ నార్మల్‌గానో, తక్కువగానో ఉంటుంది. మామూలు యూరిన్ స్ట్రిప్ అల్బుమిన్‌నే ఎక్కువగా పడుతుంది, లైట్ చైన్లను వదిలేస్తుంది. సీరం ఫ్రీ లైట్ చైన్ టెస్ట్ చేయించాలి.

## తర్వాతి టెస్టులు

ఎలక్ట్రోఫోరెసిస్ రాశారు. అందులో ఏం తెలుస్తుంది?

విద్యుత్ క్షేత్రంలో ప్రోటీన్లు తమ ఆవేశాన్ని బట్టి వేర్వేరు వేగాలతో కదిలి ఐదు గుంపులుగా విడిపోతాయి: అల్బుమిన్, ఆల్ఫా-1, ఆల్ఫా-2, బీటా, గామా. ఈ విద్యకు బాట వేసిన స్వీడన్ శాస్త్రవేత్త ఆర్నె టిసేలియస్‌కు 1948లో నోబెల్ వచ్చింది. రిపోర్టులోని గ్రాఫ్ ఆకారమే సగం కథ చెబుతుంది. గామా భాగం వెడల్పాటి దిబ్బలా లేస్తే రకరకాల యాంటీబాడీలు పెరిగాయని, సన్నగా నిటారుగా సూదిలా లేస్తే ఒకే రకం పెరిగిందని అర్థం, దాన్నే ఎం బ్యాండ్ అంటారు. నెఫ్రోటిక్‌లో అల్బుమిన్ కుంగి ఆల్ఫా-2 లేస్తుంది, అక్కడుండే మాక్రోగ్లోబ్యులిన్ అణువు మరీ పెద్దది కాబట్టి మూత్రంలోకి పోలేదు. సిర్రోసిస్‌లో బీటా, గామాల మధ్య ఉండాల్సిన లోయ ఐజీఏ వల్ల పూడిపోతుంది. ఎం బ్యాండ్ కనిపిస్తే అది ఏ రకమో తేల్చడానికి ఇమ్యునోఫిక్సేషన్ చేస్తారు.

సీరం బదులు ప్లాస్మా ఇస్తే ఫైబ్రినోజెన్ చిన్న గీతలా కనిపించి ఎం బ్యాండ్ అని భ్రమపెడుతుంది. శాంపిల్ సరైన ట్యూబులో తీశారో లేదో ముందే చూసుకోవడం మంచిది.

ఎం బ్యాండ్ 0.8 ఉంది కానీ మందులేమీ అక్కర్లేదన్నారు. నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఎం ప్రోటీన్ 3 గ్రాముల లోపు, ఎముక మజ్జలో ప్లాస్మా కణాలు 10 శాతం లోపు, కాల్షియం, కిడ్నీ, హిమోగ్లోబిన్, ఎముకలు అన్నీ బాగుంటే దాన్ని ఎంగస్ అంటారు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో 50 ఏళ్లు దాటినవాళ్లలో 3 శాతం మందికి ఇది కనిపిస్తుంది. ఏడాదికి సుమారు ఒక శాతం మందిలో మైలోమా లాంటి జబ్బుగా మారుతుంది కాబట్టి మందులు అవసరం లేదు, చూపించుకోవడం మాత్రం మానకూడదు. మొదట ఆర్నెల్లకు, తర్వాత డాక్టర్ చెప్పినట్టు.

ప్రోటీన్ 11 ఉన్న మా మామయ్యకు సోడియం 124 వచ్చింది. మనిషి మాత్రం చక్కగా మాట్లాడుతున్నాడు.

అది ఉత్తుత్తి తగ్గుదల కావచ్చు. పెద్ద మెషీన్లు సీరంను పల్చన చేసి సోడియం కొలుస్తాయి, ప్రోటీన్ విపరీతంగా ఉంటే సీరంలో నీటి భాగం తగ్గి లెక్క తప్పుతుంది. పల్చన చేయకుండా కొలిచే బ్లడ్ గ్యాస్ మెషీన్‌లో మళ్లీ చూడమనండి. అదేమీ చూడకుండా గాఢమైన సెలైన్ ఎక్కిస్తే ప్రమాదం.

## చికిత్స, తిండి, మళ్లీ టెస్ట్

గుడ్డు తెల్లసొనలో అల్బుమిన్ ఉంటుంది కదా, రోజుకు ఆరు తింటే పెరుగుతుందా?

గుడ్డులోని అల్బుమిన్ వేరు, మన రక్తంలోది వేరు, పైగా తిన్నది తిన్నట్టు రక్తంలోకి చేరదు. గుడ్డు మంచి తిండే, ఎంత తినాలన్నది కారణాన్ని బట్టి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మన దేశపు సిఫారసు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి, పప్పు, పెరుగు, గుడ్డు మానేయమనే పాత సలహా వాళ్లను ఇంకా కుంగదీస్తుంది, రాత్రి పడుకునే ముందు కూడా కొంచెం తినాలి. నెఫ్రోటిక్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఎక్కువ ప్రోటీన్ తింటే మూత్రంలో పోయేది కూడా పెరుగుతుంది, మామూలు మోతాదు చాలు. ఒకరికి రాసిచ్చిన డైట్ చార్ట్ ఇంకొకరికి ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

అల్బుమిన్ బాటిళ్లు ఎక్కిస్తే పోదా? ఖర్చయినా సరే అంటున్నాం.

20 శాతం అల్బుమిన్ 100 మిల్లీలీటర్ల బాటిల్‌లో 20 గ్రాములుంటుంది, దాతల ప్లాస్మా నుంచి తీసినది. కొన్ని సందర్భాల్లో అది ప్రాణం కాపాడుతుంది: సిర్రోసిస్‌లో పొట్టలోంచి ఒకేసారి ఐదు లీటర్లకు మించి నీరు తీసినప్పుడు, ఆ నీటికి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, కిడ్నీ దెబ్బతింటున్నప్పుడు. రిపోర్టులో అంకె పెంచడం కోసమే ఎక్కిస్తే లాభం కనిపించలేదు. సిర్రోసిస్‌తో హాస్పిటల్లో చేరినవాళ్లకు అల్బుమిన్ 3 దాకా పెంచుతూ బ్రిటన్‌లో చేసిన అటైర్ ట్రయల్ 2021లో ప్రచురితమైంది, మామూలు చికిత్స కంటే మెరుగేమీ రాలేదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం లాంటి ఇబ్బందులు పెరిగాయి. అప్పు చేసి బాటిళ్లు కొనే ముందు "ఏ కారణానికి ఇస్తున్నారండీ" అని డాక్టర్‌ను అడగండి. కారణం ఉంటే చెబుతారు.

మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలి?

తిండి మార్చిన వారానికే చేయిస్తే ఏమీ తెలియదు, మూడు నాలుగు వారాలు ఆగండి. ఇన్ఫెక్షన్ ఉండి తగ్గినవాళ్లు సీఆర్‌పీ కూడా కలిపి చేయించుకోవాలి. నెఫ్రోటిక్ వైద్యంలో ఉన్న పిల్లలకు ఇంట్లోనే రోజూ పొద్దున మూత్రం స్ట్రిప్‌తో చూసి పుస్తకంలో రాసుకోవడం రక్త పరీక్ష కంటే త్వరగా సంగతి చెబుతుంది. వరుసగా మూడు రోజులు మూడు ప్లస్‌లు వస్తే డాక్టర్‌కు ఫోన్ చేయండి.